మూత్రంలో ఆల్బుమిన్: పరీక్ష చేయించుకునే తీరు, రిపోర్టు చదివే తీరు

షుగరు ఉన్నవారికి డాక్టర్లు ఏడాదికోసారి రాసే యూరిన్ ఏసీఆర్ పరీక్షను (రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి ఎంత పోతోందో, మూత్రంలోని క్రియాటినిన్‌తో పోల్చి చెప్పేది), రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం బాగానే ఉంది కదా అని చాలామంది వదిలేస్తుంటారు. రక్తంలో క్రియాటినిన్ పెరిగే నాటికి మూత్రపిండాల సామర్థ్యం చాలావరకు పోయి ఉంటుంది. మూత్రపిండాల్లో రక్తాన్ని వడకట్టే తెర సడలుతున్న సంగతిని ఆల్బుమిన్ తరచుగా ఏళ్ల ముందే పట్టిస్తుంది.

ఆ తెర ఎలా నిలుస్తుందో తెలిస్తే రిపోర్టు సులువుగా అర్థమవుతుంది. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టే ఆ సన్నని రక్తనాళాల గోడ మీద కొల్లాజెన్, లామినిన్ అనే ప్రోటీన్లు అల్లుకున్న పొర ఒకటి ఉంటుంది. దాని వెలుపల పోడోసైట్లనే కణాలు కాళ్లు చాచి నాళాన్ని చుట్టుకుని ఉంటాయి. పక్కపక్క కణాల కాళ్లు, రెండు చేతుల వేళ్లు ఒకదానిలోకి ఒకటి జొనిపినట్టు అమరి, వాటి నడుమ సుమారు 40 నానోమీటర్ల సందు మిగులుతుంది. ఆ సందుకు అడ్డంగా ఇటు కణం నుంచీ అటు కణం నుంచీ వచ్చే నెఫ్రిన్ ప్రోటీన్లు జిప్పు పళ్లలా పెనవేసుకుంటాయి. నెఫ్రిన్‌ను కణపొరలో కుదురుగా ఉంచేది పోడోసిన్ అనే ప్రోటీన్. దాన్ని కణం లోపలి ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులతో ముడివేసేది సీడీ2ఏపీ అనే మరో ప్రోటీన్. ఈ ముళ్లు వదులైతే కాళ్లు చదునుగా పరుచుకుపోతాయి, ఆల్బుమిన్ మూత్రంలోకి జారిపోతుంది. పుట్టుకతోనే మూత్రంలో ప్రోటీన్ పోయే ఫిన్లాండ్ పిల్లల్లో నెఫ్రిన్ జన్యువు దెబ్బతిని ఉందని 1998లో గుర్తించినప్పుడు, ఆ ఒక్క ప్రోటీన్ లోపించినా తెర నిలవదని తేలింది. పైగా పోడోసైట్లు దాదాపుగా విభజన చెందవు కనుక పోయినవాటి లోటు తీరడం కష్టం.

ఇక పరీక్ష సంగతి. ఉదయం లేవగానే వచ్చే మొదటి మూత్రం ఇవ్వడం మేలు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి ఉన్న రోజుల్లోనూ, గట్టిగా వ్యాయామం చేసిన మర్నాడూ ఇవ్వకండి. తెర బాగున్నా అంకె పెరిగి కనిపించవచ్చు. రిపోర్టులో గ్రాము క్రియాటినిన్‌కు ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాములలోపు ఉంటే సరే. 30 నుంచి 300 వరకు ఉంటే కంగారు పడకుండా, మూడు నెలల వ్యవధిలో మళ్లీ పరీక్షించి, మూడింట రెండుసార్లు ఎక్కువగా వస్తేనే సమస్యగా లెక్కించాలి. 300 దాటితే డాక్టరును కలవడం ఆలస్యం చేయవద్దు.

ఇలాంటప్పుడు రాసే టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి మందులను బీపీ మాత్రలుగా మాత్రమే చూడకూడదు: అవి వడపోత నాళాల్లోని ఒత్తిడిని తగ్గించి పోడోసైట్ల మీద భారాన్ని దించుతాయి. బీపీ దిగిందని సొంతంగా ఆపకండి. మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో పొటాషియం, క్రియాటినిన్ చూపించుకోండి. గర్భిణులు వీటిని వాడకూడదు. మూత్రపిండాలకు చేటు చేసే నొప్పి మాత్రలను డాక్టరు చీటీ లేకుండా అడిగి కొనే అలవాటును కూడా మానుకోవాలి.

ఒక జాగ్రత్త: శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపించే మూత్రపిండాల జబ్బు ఎక్కువగా వడపోత తెర తర్వాతి గొట్టాలను దెబ్బతీసేది కనుక, అక్కడ ఆల్బుమిన్ తక్కువగా వచ్చినంత మాత్రాన ఊరట చెందకుండా రక్తంలో క్రియాటినిన్ పరీక్ష కూడా తప్పక చేయించాలి.

పిల్లల్లో తెల్లవారేసరికి కళ్ల చుట్టూ ఉబ్బు కనిపిస్తే మూత్ర పరీక్ష వాయిదా వేయకండి. నెఫ్రోటిక్ జబ్బు (మూత్రంలో ప్రోటీన్ ఎక్కువగా పోయి ఒళ్లు ఉబ్బేది) తగ్గిన పిల్లలకు ఇంట్లోనే పరీక్ష పట్టీ వాడవచ్చు: ఉదయపు మూత్రంలో ముంచి తీసి, అంచుకు తట్టి, డబ్బా మీద రాసిన సమయం గడిచాక, పట్టీ రంగును డబ్బా మీది రంగులతో సరిచూడాలి. పసుపుగానే ఉంటే ప్రోటీన్ లేనట్టు. ఆకుపచ్చ ముదిరేకొద్దీ పోతున్నది ఎక్కువ. తేదీ వేసి నోటుపుస్తకంలో రాయండి. వరుసగా మూడు రోజులు మూడు ప్లస్సులు (+++) గుర్తున్న రంగు వస్తే, ఉబ్బు రాకముందే ఆ పుస్తకం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.