‘బాగుంది’ అన్న తరవాత: సినిమా కబుర్లకు ఒక పద్ధతి

సినిమా చూసి వచ్చినవాళ్లను “ఎలా ఉంది?” అని అడగకండి. ఆ ప్రశ్నకు మన దగ్గర నాలుగే జవాబులున్నాయి: బాగుంది, బాగాలేదు, ఒకసారి చూడవచ్చు, మొదటి సగం పరవాలేదు. ఈ నాలుగింటిలో ఏది విన్నా ఇక అడగడానికేమీ మిగలదు. బదులుగా “ఏ సన్నివేశం గుర్తుండిపోయింది?” అని అడిగి చూడండి. ఎదుటి మనిషి ఒక్క క్షణం ఆగి, చేతులు తిప్పుతూ చెప్పడం మొదలుపెడతాడు. ఆ తరవాత మీరు ఊరుకున్నా కబురు నడుస్తుంది.

విజయవాడ సత్యనారాయణపురంలో మా అపార్ట్‌మెంటు మేడ మీద నెలకో ఆదివారం సాయంత్రం కొందరం ఇలాగే కూర్చుంటాం. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమణ పొందాక నాకు పట్టిన పిచ్చి ఇది అని మా ఇంట్లో అంటారు. వచ్చేవాళ్లలో ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నారు, ఎనభై దాటిన లెక్కల మాస్టారున్నారు, కింది వాటాలో బట్టలు కుట్టే ఆమె ఉంది, పెళ్లిళ్లకు వంటలు చేయించే ఆయన ఉన్నాడు. మీ వీధిలోనో, మీ వసతిగృహంలోనో ఇలాంటిది పెట్టుకోవాలనుకుంటే మా దగ్గర నిలబడిన పద్ధతి చెబుతాను. నచ్చినంత తీసుకోండి.

మనుషులు ఎనిమిది మంది చాలు. పన్నెండు దాటితే అది సభ అవుతుంది. సభ అయితే అధ్యక్షుడు కావాలి, అధ్యక్షుడు వస్తే వెంట శాలువా వస్తుంది. అయితే ఆ ఎనిమిది మందిలో వయసులు కలవాలి. అరవై దాటినవాళ్లే చేరితే ఏ థియేటర్లో ఏ సినిమా ఎన్ని రోజులు ఆడిందో చెప్పుకుంటూ పొద్దుపుచ్చుతారు. పాతికలోపు వాళ్లే చేరితే వసూళ్ల అంకెలు చెప్పుకుంటారు. రెండు గుంపులూ సినిమా తెర గురించి తప్ప అన్నిటి గురించీ మాట్లాడతాయి.

జత కుదర్చడం

ఒక పాత సినిమా, ఒక కొత్త సినిమా జతగా పెట్టండి. రెంటినీ కలిపే దారం ఒక్కటుంటే చాలు, అది పైకి కనబడేదైతే మరీ మంచిది. 1957 నాటి ‘మాయాబజార్’ పక్కన 2018లో వచ్చిన ‘మహానటి’ పెట్టండి. మాయ శశిరేఖ సన్నివేశం రెండింటిలోనూ ఉంటుంది. మొదటిదానిలో సావిత్రి ఆడపిల్ల వేషంలో ఉన్న ఘటోత్కచుణ్ణి నటించింది. రెండోదానిలో కీర్తి సురేష్, ఘటోత్కచుణ్ణి నటిస్తున్న సావిత్రిని నటించింది. ఈ రెండు ముక్కలూ వెంటవెంటనే చూసి, నడకలో, భుజాల తీరులో, కనుబొమల్లో తేడా ఏమిటో చెప్పమనండి. నటన గురించి ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా ఆ సాయంత్రం మాట్లాడారు.

ఇంకో జత, తెలంగాణ పల్లె దారంగా: గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’, వేణు యెల్దండి తీసిన ‘బలగం’. మొదటిది భూస్వామ్యం మీద రైతుల పోరు. రెండోది ఒక ముసలాయన చనిపోయాక ఇంటివాళ్లు పెట్టిన కూడు కాకి ముట్టకపోవడం. మా విజయవాడ వాళ్లకు ఆ తంతులో కొన్ని వివరాలు కొత్త. వరంగల్ నుంచి వచ్చి మా దగ్గర అద్దెకుంటున్న దంపతులు ఆ రోజు పెద్దలై కూర్చున్నారు, మేమంతా అడిగేవాళ్లం. చివర పాట పాడిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు ఊరూరా తిరిగి కథలు చెప్పే బుడగ జంగాల కళాకారులని వాళ్ల ద్వారానే మాలో చాలామందికి తెలిసింది.

దారం ఉద్యోగమైనా కావచ్చు. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’లో ఇద్దరు చదువుకున్న నిరుద్యోగులు కొలువు కోసం మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడతారు. మా పై అంతస్తు కుర్రాడు అది చూసి, “ఆంటీ, ఇది దొంగ అనుభవ పత్రం పెట్టి ఉద్యోగంలో చేరడమే కదా” అన్నాడు. నేను ఆ సినిమాను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. వెన్నెల పాట తప్ప ఆకలి ఎప్పుడూ కనబడలేదు నాకు.

“పాత సినిమా సాగదీత” అని పిల్లలు మొదట్లోనే పెదవి విరిస్తే వాదించకండి. ‘మాయాబజార్’ నిడివి చూడమనండి, ‘ఆర్ఆర్ఆర్’ నిడివీ చూడమనండి. రెండూ మూడు గంటలు దాటినవే. తేడా నిడివిలో లేదు, ఎక్కడెక్కడ తీరిగ్గా నిలబడ్డారన్నదానిలో ఉంది. దాని గురించి మాట్లాడుకోవచ్చు.

చూసే పద్ధతి

సినిమా ఎవరి ఇంట్లో వాళ్లు ముందే చూసి రావాలి. మేడ మీద అంతా కూర్చుని మూడు గంటలు చూస్తే మాట్లాడడానికి ఓపిక ఉండదు. అందరూ ఒకే ప్రతి చూడడం ముఖ్యం. ‘మాయాబజార్’కు రంగులు వేసి 2010లో విడుదల చేశారు. సగం మంది అది, సగం మంది నలుపు తెలుపు చూసి వస్తే వెలుగునీడల గురించి మాట్లాడడం కుదరదు. నా ఓటు నలుపు తెలుపుకే. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ ఆ రెండు రంగులను లెక్కపెట్టుకునే దీపాలు పెట్టాడు, తరవాత ఎవరో వేసే ఆకుపచ్చను లెక్కపెట్టుకుని కాదు. రంగుల్లో చూస్తే తప్ప పిల్లలు కూర్చోరంటారా, అలాగే చూపించండి, చూడకపోవడం కన్నా నయం.

చూస్తున్నప్పుడు ఒక కాగితం దగ్గర పెట్టుకోమనండి. దాని మీద అభిప్రాయం రాయకూడదు, కంటికి కనిపించినదే రాయాలి. “గొప్ప నటన” అని కాదు, “మాట చెప్పి పమిట సర్దుకుంది” అని. పక్కన నిమిషం వేసుకుంటే వెతుక్కోవడం తేలిక. మూడు గంటల సినిమాకు అయిదారు పంక్తులు చాలు. ఎక్కువ రాసేవాళ్లు సినిమా చూడరు.

మా మేడ మీద ఆడే ఆట ఒకటుంది. ఒక పాటను శబ్దం తీసేసి చూస్తాం. ‘మాయాబజార్’లోని పడవ పాటతో మొదలుపెట్టండి. ఘంటసాల, లీల గొంతులు వినిపిస్తున్నంతసేపూ మనం చెవులతోనే చూస్తాం. గొంతులు ఆపేస్తే, ఆ ఒక్క వెన్నెల్లో మూడు జంటలు వంతులవారీగా పడవెక్కడం, కుర్ర జంట సిగ్గుకూ పెద్ద జంట సరసానికీ తేడా, నీటి మీద వెలుగు ఎటు నుంచి పడుతోందన్నదీ అన్నీ బయటపడతాయి. దీన్ని తిరగేసిన ఆట కూడా ఉంది: 1989 నాటి ‘శివ’లో ఏదైనా కొట్లాట దృశ్యం పెట్టి అందరినీ కళ్లు మూసుకోమనండి. ఎక్కడ సంగీతం ఆగి ఉత్త చప్పుళ్లు మిగిలాయో చెప్పమనండి.

పేర్లు పడేటప్పుడు పరుగెత్తించకండి. కథానాయకుడు, దర్శకుడు కాకుండా ఇంకో ముగ్గురి పేర్లు, వాళ్లు చేసిన పనితో సహా చెప్పాలన్నది మా నియమం. 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ అంటే విశ్వనాథ్, సోమయాజులు అని ఆగిపోతారు. ఛాయాగ్రహణం బాలు మహేంద్ర, మాటలు జంధ్యాల, పాటలు వేటూరి అని తెలిసినవాళ్లు ఆ సినిమాను కాస్త వేరుగా చూస్తారు. ‘మాయాబజార్’ కళాదర్శకులు గోఖలే, కళాధర్ అని చెప్పాక మా మాస్టారు ఘటోత్కచుడి గదను చూడడానికే ఆ సినిమా మళ్లీ పెట్టించుకున్నారు.

కూర్చున్నాక

మొదటి విడత: ఒక్కొక్కరూ ఒక్క సన్నివేశం చెప్పాలి, రెండు మూడు నిమిషాలు. కథ చెప్పకూడదు, అందరికీ తెలుసు. తీర్పు ఇవ్వకూడదు. సూపర్, క్లాస్, మాస్, ల్యాగ్ అన్న మాటలు ఈ విడతలో చెల్లవు. ఎవరైనా “రెండో సగం పడిపోయింది” అంటే నేను ఒకే ప్రశ్న వేస్తాను: “ఫోను ఎప్పుడు చేతిలోకి తీసుకున్నారు?” ఆ క్షణం చెప్పగలిగితే విమర్శ సగం అయిపోయినట్లే. దానికి ముందు ఏమి జరిగిందో, అక్కడ ఏ పాత్రకు చేసే పని లేకుండా పోయిందో వెతకడం మిగతా సగం.

అభిమానుల సంగతి విడిగా చెప్పాలి. విజయవాడలో ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానుల పోరు ఇప్పటికీ చల్లారలేదు. మనవల తరంలో పేర్లు మారాయి, అంతే. అందుకే మొదటి విడతలో నటుడి పేరు పలకకూడదు, పాత్ర పేరే చెప్పాలి. 1962 నాటి ‘గుండమ్మ కథ’కు ఈ నియమం లేకపోతే మంచినీళ్ల సీసాలు ఎగురుతాయి. అది ఎన్టీఆర్ నూరో సినిమా అన్న మాటతోనే ఒక వర్గం మొదలుపెడుతుంది. అంజి, రాజా అని పిలవడం అలవాటయ్యాక మాత్రం ఒక వింత కనబడింది: అంత పెద్ద నటులిద్దరూ ఉన్న సినిమాకు సూర్యకాంతం పాత్ర పేరు పెట్టారు. ఎందుకు పెట్టి ఉంటారన్న మాట మీద ఒక సాయంత్రం గడిచిపోయింది.

రెండో విడతలో ఎవరి వృత్తి కంటికి ఏమి కనిపించిందో అడగండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. వంటలాయన ‘మాయాబజార్’ విందు పాట చూసి గారెలు, బూరెలు, పులిహోర, దప్పళం ఒకే బంతికి అందాలంటే పొయ్యిలెన్ని, మనుషులెందరో వేళ్ల మీద లెక్కకట్టాడు. కుట్టుపని ఆమె పాత సినిమాల్లో రవికె చేతుల కుచ్చులు చూసి, ఏ దశాబ్దమో చెప్పేస్తుంది. నేను, ఉద్యోగ దోషం, తెరమీద డబ్బు చేతులు మారినప్పుడు ఎవరూ లెక్కపెట్టుకోరన్నది గమనిస్తుంటాను. సినిమా పత్రికల్లో ఇలాంటివి రావు.

తీర్పులు మూడో విడతకు. అప్పటికి చాలామంది తీర్పు మెత్తబడి ఉంటుంది, లేదా సరైన కారణంతో గట్టిపడి ఉంటుంది. వాదం ముదిరితే, రెండో మనిషి తన మాట చెప్పే ముందు మొదటి మనిషి మాటను తిరిగి చెప్పాలి. మొదటి మనిషి “అదే నేనన్నది” అని ఒప్పుకుంటేనే ముందుకు.

పాత సినిమాల్లోని పాత బుద్ధుల దగ్గర గొడవ తప్పదు. “ఆ రోజుల్లో అంతే” అన్న మాటతో పెద్దలు తప్పించుకోకూడదు, “ఇప్పుడిది చెల్లదు” అని పిల్లలు సినిమానే మూసేయకూడదు. అడగవలసింది: సినిమా ఆ పని చూపించిందా, మెచ్చుకుందా? ‘గుండమ్మ కథ’లోనే మహిళాలోకం నిద్ర లేచిందని అంజి రుబ్బుతూ పాడతాడు. అదే సినిమా గారాబాల సరోజను కష్టపెట్టి దారికి తెస్తుంది. రెండూ ఒక చోట ఎలా ఇమిడాయి? మా అమ్మాయి ఒక వైపు, నేను ఒక వైపు. ఇంకా తేలలేదు, తేలనక్కరలేదు కూడా.

“మా రోజుల్లో నేల టికెట్టు ఇంత” అని మొదలయ్యే జ్ఞాపకాలు టీ వేళకు. మనిషికొకటి. మాస్టారికి రెండు, వయసు గౌరవం. పరిశ్రమ కబుర్లు ఎవరు చెప్పినా “ఎక్కడ చదివారు?” అని అడగండి. ఆధారం లేకపోతే వినికిడి అని ముద్ర వేసి పక్కన పెట్టండి. మాట్లాడనివాళ్లను అభిప్రాయం అడిగి ఇబ్బంది పెట్టకండి, ఏ చోట వెనక్కి తిప్పి మళ్లీ చూశారో అడగండి.

ముగింపు దాచడం, కొత్తవాటికి ఆగడం

‘కేరాఫ్ కంచరపాలెం’ చివర ఏమవుతుందో చూడనివాళ్ల ముందు చెప్పకూడదని అందరికీ తెలుసు. మరి ‘దేవదాసు’? “ఆ కథ తెలియనిదెవరికి” అని పెద్దలు మొదటి నిమిషంలోనే చావు దాకా వెళ్లిపోతారు. పందొమ్మిదేళ్ల పిల్లకు 1953 నాటి సినిమా కొత్త సినిమాయే. ఆ పిల్ల చూడకుండా వస్తే చివరి పది నిమిషాలు మినహాయించి మాట్లాడుకోండి.

కొత్త సినిమాను విడుదలైన వారంలో పట్టుకోకండి. ఆ వారమంతా హోరు. ఓటీటీలోకి వచ్చి నెల గడిచాక అడగండి, ఇంకా ఏ సన్నివేశం గుర్తుందో. ఒక్కటీ గుర్తులేదంటే అది కూడా అభిప్రాయమే, కాగితం మీద రాసుకోవచ్చు. మేము ఒక పుస్తకం పెట్టుకుని, వెళ్లే ముందు ఒక్కొక్కరం ఒక్క వాక్యం తేదీతో రాస్తాం. రాయడానికి బద్ధకించేవాళ్లు చెబితే పిల్లలు రాస్తారు. నక్షత్రాలు, మార్కులు వేయడం లేదు.

తరవాతి నెల జతను ఎన్నుకునే హక్కు ఆ రోజు సినిమాను అందరికన్నా గట్టిగా కాదన్న మనిషిది. ఓటు పెడితే ప్రతిసారీ అందరికీ తెలిసిన నాలుగు సినిమాలే తిరుగుతాయి. కాదన్న మనిషి పట్టుదల మీద ఏదో ఒకటి తవ్వి తెస్తుంది. పోయినసారి ఆ వంతు కుట్టుపని ఆమెకు వచ్చింది, పాత సినిమాగా ‘మల్లీశ్వరి’ అంది. కొత్తది ఏదని అడిగితే, భానుమతి చీరలకు జోడీ దొరికేదాకా ఆగమంది.