సిజేరియన్‌లో ఆఖరి పొర: చర్మం ఎలా కుట్టాలి

గర్భసంచి, షీత్ (పొట్ట కండరాల మీది గట్టి పొర) మూసేసరికి థియేటర్లో అందరికీ తొందర మొదలవుతుంది. బయట ట్రాలీ మీద ఇంకో కేసు రెడీగా ఉంటుంది. పీజీలో నేనూ ఆ తొందరలోనే ఒకామెకి కొవ్వు పొర కుట్టకుండా పైన చర్మం మూసేశాను. ఆరో రోజు ఆమె తడిసిన చీర కుచ్చెళ్లు చేత్తో ఎత్తిపట్టుకుని ఓపీకి వచ్చింది. లోపల చేరిన నీరు కుట్ల సందుల్లోంచి కారుతోంది. అందుకే కొత్తగా వచ్చిన జూనియర్ డాక్టర్లకి ముందు కొవ్వు సంగతే చెబుతాను.

కోత పొడవునా మాప్‌తో (రక్తం పీల్చే గుడ్డ) అద్దండి, రుద్దొద్దు. సన్నగా ఊరే రక్తనాళం ఒక్కటి కనిపించినా కాటరీతో (కరెంటు వేడితో కాల్చి) ఆపాకే ముందుకెళ్లండి. తర్వాత చూపుడువేలు పెట్టి చూడండి. కొన కణుపు మునిగిందంటే కొవ్వు 2 సెంటీమీటర్లు దాటినట్టే, అక్కడ కుట్లు పడాల్సిందే. 2-0 మందం విక్రిల్‌తో (లోపలే కరిగిపోయే దారం) అంచులు ఆనేంత వదులుగా వేస్తే చాలు. బిగిస్తే కొవ్వు నలిగి చచ్చిపోతుంది. డ్రెయిన్ (లోపల చేరే నీటిని బయటికి తీసే గొట్టం) అందరికీ అక్కర్లేదు.

చర్మానికి నాది 3-0 మోనోక్రిల్ (ఇదీ కరిగే దారమే), కటింగ్ సూది (పదును అంచులున్నది). స్టేపుల్స్‌తో (లోహపు పిన్నులు) కొన్ని నిమిషాలు మిగులుతాయి గానీ, అడ్డకోత విచ్చుకోవడం వాటితోనే ఎక్కువ. ఒక మూల ముడి వేసి లోపలికి పాతేయండి. సూది చర్మానికి సమాంతరంగా, డెర్మిస్‌లోనే (పైచర్మం కింది పొర) నడవాలి. ఇటు ఎంత లోతో అటూ అంతే లోతు. తేడా వస్తే ఒక అంచు మెట్టులా లేస్తుంది, వేలితో తడిమితే తెలిసిపోతుంది. సూది ఇటు బయటికొచ్చిన చోటుకి సరిగ్గా ఎదురుగా అటు దించండి. ఫోర్సెప్స్‌తో చర్మం అంచు నొక్కొద్దు, కింద డెర్మిస్ పట్టుకుని ఎత్తండి. మూడు నాలుగు కుట్లకోసారి దారం లాగి సర్దండి. చర్మం తెల్లబడితే ఎక్కువ లాగారన్నమాట, వదులు చెయ్యండి. చివరి ముడీ లోపలే ఉండాలి.

డ్రెస్సింగ్ ఒకటి రెండు రోజుల్లో తీసేయొచ్చు. స్నానం చేశాక మెత్తటి గుడ్డతో అద్దుకోమనండి. పొట్ట మడత కింద తడి నిలవకూడదు. ఎర్రబడినా, చీము కారినా, జ్వరమొచ్చినా ఆ రోజే రమ్మనండి.

ఇంకొక్కటి. పప్పు తింటే కుట్లు చీము పడతాయని మన ఇళ్లలో పచ్చిబాలింతకి కారప్పొడి అన్నమే పెడతారు. పుండు మానాలంటే పప్పు, గుడ్డు, పాలు కావాలి. ఈ మాట ఆమెకి ఒక్కదానికే చెబితే లాభం లేదు, వండిపెట్టే అమ్మో అత్తగారో మంచం పక్కన ఉన్నప్పుడు చెప్పండి.