మిస్టరీ, క్రైమ్, హారర్ ఛానళ్లు: ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో ఒకే ఫోను మూడు భాషల్లో మోగుతుంది. పెద్దవాళ్లకు తెలుగు, బడి పిల్లలకు ఒడియా, కుర్రకారుకు హిందీ. యూట్యూబ్‌లో "మిస్టరీ" అని కొట్టగానే మూడు భాషల సరుకూ ఒక్కసారే మీద పడుతుంది. అందులో చాలావరకు ఒకరు చెప్పింది ఇంకొకరు ఎత్తి చెప్పిందే. కాబట్టి ఛానల్ ఏరుకునేటప్పుడు గొంతు ఎంత గంభీరంగా ఉందో చూడకండి. ఆ సంగతి ఎక్కడినుంచి తెచ్చారో చెప్పారా, ఆ వీడియో ఏ తేదీది అన్న రెండూ చూడండి.

కొత్త ఛానల్ దొరికితే ముందు ఒక పరీక్ష పెట్టండి. ఛానల్ పేజీ తెరిచి, అందులోనే ఉండే భూతద్దం గుర్తు నొక్కి "రూప్‌కుండ్" అని వెతకండి. ఉత్తరాఖండ్‌లోని ఈ అస్థిపంజరాల సరస్సు మీద వీడియో చేయని మిస్టరీ ఛానల్ అరుదు. అందరూ ఒకేసారి వడగళ్ల వానకు చచ్చిపోయారన్నది పాత కథ. 2019లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన డీఎన్ఏ అధ్యయనం 38 మంది ఎముకలను పరీక్షించింది. వాళ్లంతా ఒకే గుంపు కాదని, కొందరు సుమారు క్రీ.శ. 800 ప్రాంతం వాళ్లని, మధ్యధరా తూర్పు తీరపు మూలాలున్న ఇంకో గుంపు సుమారు 1800 ప్రాంతం వాళ్లని తేల్చింది. అంటే రెండు గుంపుల మధ్య దాదాపు వెయ్యేళ్ల తేడా. 2019 తరవాత వీడియో చేసి కూడా వడగళ్ల దగ్గరే ఆగిపోయారంటే, ఆ ఛానల్ వాళ్లు చదవలేదు, పాత వీడియో విన్నారంతే.

రూప్‌కుండ్ లేకపోతే డ్యాట్లోవ్ కనుమ చూడండి. 1959 ఫిబ్రవరిలో ఉరల్ పర్వతాల్లో తొమ్మిదిమంది చనిపోయిన ఘటన అది. వాలు మీద పేరుకున్న మంచు పలక జారిపడి ఉండొచ్చని 2021 జనవరిలో ఇద్దరు పరిశోధకులు లెక్కలు కట్టి చూపించారు. దాన్ని ఒప్పుకోకపోయినా పరవాలేదు, కనీసం ప్రస్తావించాలి. గ్రహాంతరవాసులతో మొదలై గ్రహాంతరవాసులతోనే ముగిస్తే ఆ ఛానల్‌ను కాలక్షేపం ఖాతాలో వేసుకోండి.

క్రైమ్ ఛానల్‌కు మన ఒడిశా కేసుతోనే పరీక్ష పెట్టొచ్చు. 2018 ఫిబ్రవరిలో బలాంగీర్ జిల్లా పట్నాగఢ్‌లో పెళ్లి కానుకగా వచ్చిన పార్శిల్ బాంబు పేలి కొత్త పెళ్లికొడుకు, ఇంట్లోని ముసలావిడ చనిపోయారు. పెళ్లికూతురు గాయాలతో బయటపడింది. పోలీసులను పక్కదారి పట్టించడానికి రాసిన ఆకాశరామన్న ఉత్తరమే చివరికి నిందితుణ్ని పట్టిచ్చింది. కోర్టు 2025 మేలో యావజ్జీవ శిక్ష వేసింది. 2018 నాటి వీడియోల్లో సగం మాటలు ఊహలు. వాటినే ఈ రోజుకీ కొత్త బొమ్మ అతికించి మళ్లీ ఎక్కిస్తున్నవాళ్లున్నారు. అందుకే ఏ కేసు చూసినా వెతికాక ఫిల్టర్లలోకి వెళ్లి అప్‌లోడ్ తేదీని బట్టి ఒకసారి వడకట్టండి. నోయిడా బాలిక ఆరుషి హత్య కేసుకైతే 2017 అక్టోబరు గీత. అలహాబాద్ హైకోర్టు తల్లిదండ్రులను నిర్దోషులుగా వదిలిన నెల అది. నోయిడాలోనే జరిగిన నిఠారీ వరస హత్యల కేసుకు 2023 అక్టోబరు గీత, అదే హైకోర్టు చాలా కేసుల్లో నిందితులను వదిలిన నెల. ఈ గీతలకు ముందటి వీడియోల్లో "దోషి" అని విన్నది ఇవాళ చెల్లదు.

ఇక ఛానళ్లు. ఇంగ్లిష్ కొంచెం అందేవాళ్లు లెమ్మినోతో మొదలుపెట్టడం మేలు. స్వీడన్ ఛానల్ ఇది, ఏడాదికి వచ్చేవి కొన్నే. డి.బి. కూపర్ విమాన హైజాక్, డ్యాట్లోవ్, మాయమైన మలేసియా విమానం ఎమ్‌హెచ్370 లాంటివి తీసుకుని, తెలిసినదేదో, ఊహ ఏదో విడదీసి చూపిస్తుంది. ఫాసినేటింగ్ హారర్‌లో దెయ్యాలుండవు. పాత ప్రమాదాలు, అగ్నిప్రమాదాలు, కూలిన కట్టడాల గురించి పదేసి నిమిషాల్లో నెమ్మదిగా చెబుతుంది. ఇంగ్లిష్ తక్కువ వచ్చినవాళ్లకు ఇదే తేలిక. విమాన ప్రమాదాలకు మెంటూర్ పైలట్: పైలటే చెబుతాడు, దర్యాప్తు తుది నివేదికలో ఉన్నదాని మీదే నిలబడతాడు. ఆ కుట్రలూ ఈ కుట్రలూ వినీ వినీ విసిగినవాళ్లు దీన్ని తప్పక చూడాలి.

మిస్టర్‌బాలెన్ కథ చెప్పడంలో దిట్ట. ఎవరు చేశారన్నది చివరిదాకా దాచి, వినేవాణ్ని కుర్చీకి కట్టేస్తాడు. అయితే అది కథనం. మనిషి ఆ క్షణంలో ఏమనుకున్నాడో కూడా చెప్పేస్తుంటే, అది కోర్టు కాగితాల్లో లేదని గుర్తుంచుకుని వినాలి. జేసీఎస్ క్రిమినల్ సైకాలజీ పోలీసు విచారణ రికార్డింగులను ఆపి ఆపి విడమరుస్తుంది. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది గానీ, చెయ్యి ముక్కు మీదికి వెళ్లింది కాబట్టి అబద్ధం చెబుతున్నాడన్న తరహా తీర్మానాలకు శాస్త్రపు బలం తక్కువ. నేరం ఎవరిదో ముందే తెలిశాక వెనక్కి చూస్తే ప్రతి కదలికా అనుమానంగానే ఉంటుంది.

హిందీలో క్రైమ్ తక్, ఇండియా టుడే గ్రూపుది. శమ్స్ తాహిర్ ఖాన్ ఏళ్లతరబడి నేర వార్తలు చేసిన విలేకరి, కేసు ఎక్కడిదాకా వచ్చిందో చెబుతూ నడిపిస్తారు. సాగదీత మాత్రం ఉంటుంది, వేగం 1.25 పెట్టుకోండి. దేశీ క్రైమ్ పాడ్‌కాస్ట్ మన ఉపఖండపు కేసులనే తీసుకుంటుంది. బొమ్మలతో భయం కావాలంటే హిందీలో ఖూనీ మండే ఉంది. అది కల్పనే, అలాగే చూడాలి. తెలుగులో విక్రమ్ ఆదిత్య ఛానల్ మిస్టరీ, సైన్స్, చరిత్ర కలిపి చెబుతుంది. నేరాలు, మూఢనమ్మకాల మీద నింపాదిగా విన్నదీ కన్నదీ చెప్పే వీడియోలు బీబీసీ న్యూస్ తెలుగులో దొరుకుతాయి. మిగతా చిన్న తెలుగు ఛానళ్లకు పైన చెప్పిన పరీక్షే కొలత. డిస్క్రిప్షన్‌లో వార్త లింకో, తీర్పు పేరో ఒక్కటీ లేకుండా వాట్సాప్ గ్రూపు లింకే ఉంటే దాటిపోండి.

ఇంగ్లిష్ వీడియోకు తెలుగు క్యాప్షన్లు తెచ్చుకోవచ్చు. గేరు గుర్తు నొక్కి, క్యాప్షన్స్‌లోకి వెళ్లి, ఆటో-ట్రాన్స్‌లేట్, అందులో తెలుగు. కానీ ముందు ఒకటి గమనించండి. అక్కడ "ఇంగ్లిష్ (ఆటో-జనరేటెడ్)" అని ఉంటే యంత్రం విని రాసుకున్నది, ఉత్త "ఇంగ్లిష్" అని ఉంటే ఛానల్ వాళ్లు స్వయంగా ఇచ్చింది. మొదటి రకంలో యంత్రం తప్పుగా విన్న మాటను మళ్లీ యంత్రమే తర్జుమా చేస్తుంది, తప్పు రెండింతలవుతుంది. ముఖ్యంగా మనుషుల, ఊళ్ల పేర్లు మామూలు మాటలైపోతాయి. హంతకుడి పేరు పండు పేరో పక్షి పేరో అయి కూర్చుంటే నవ్వుకుని, డిస్క్రిప్షన్ కింద "షో ట్రాన్స్‌క్రిప్ట్" తెరిచి ఇంగ్లిష్‌లో ఏ పేరుందో చూసుకోండి. పెద్దవాళ్లకు అక్షరాలు చదవడం కష్టమైతే, గేరులో ఆడియో ట్రాక్ అనే వరస ఉందేమో చూడండి. ఉన్నచోట హిందీ డబ్బింగు దొరకవచ్చు. యంత్రం గొంతే అయినా పనికొస్తుంది.

యంత్రం పుట్టించిన కేసులు ఇప్పుడు పెద్ద బెడద. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం లిటిల్టన్‌లో జరిగిందని ఒక ఛానల్ చెప్పిన హత్యను లక్షలమంది చూశారు. అలాంటి హత్యే జరగలేదు. మనుషులు, బొమ్మలు, కథ అంతా ఏఐ అల్లింది. విలేకరులు బయటపెట్టాక 2025లో యూట్యూబ్ ఆ ఛానల్‌నే తీసేసింది. ఇలాంటివాటి పోలికలు కొన్ని: రోజుకొకటి చొప్పున అరగంట వీడియోలు, ప్రతి కేసులోనూ అక్రమ సంబంధం, ఊరి పేరున్నా పోలీసు స్టేషను పేరు ఉండదు, తీర్పు తేదీ ఉండదు. తెలుగు గొంతైతే "రూ." అన్నదాన్ని "రూ" అనే చదువుతుంది, "కి.మీ."ని విడి అక్షరాలుగా పలుకుతుంది. 2024 నుంచి నిజమనిపించేలా యంత్రంతో చేసినదాన్ని అలా అని ప్రకటించాలని యూట్యూబ్ నియమం. డిస్క్రిప్షన్‌లో ఆ గుర్తు కోసం చూడండి. గుర్తు లేదు కాబట్టి నిజమేనని మాత్రం అనుకోకండి.

మన జిల్లాల కేసు అని చెబితే సరిచూడ్డం ఇంకా తేలిక. ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్ వేసుకోండి, డబ్బు కట్టక్కర్లేదు. రాష్ట్రం ఒడిశా, జిల్లా గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం ఏదైతే అది, తరవాత కోర్టు సముదాయం ఎంచుకోండి. ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషను, ఏడాది తెలిస్తే నేరుగా వస్తుంది. 16 అక్షరాలూ అంకెలూ ఉన్న సీఎన్‌ఆర్ (ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే నంబరు) తెలిస్తే ఇంకేం అడగదు. పేరుతో వెతికితే చిక్కులన్నీ స్పెల్లింగు దగ్గరే. ఒకే ఇంటిపేరును ఒడియా గుమస్తా ఒకలా, తెలుగు గుమస్తా ఒకలా ఇంగ్లిష్‌లో రాస్తారు. అందుకని మొదటి మూడు, నాలుగు అక్షరాలే కొట్టి ఏడాదితో వడకట్టండి. "పెండింగ్"లో కనిపించకపోతే "డిస్పోజ్డ్"లో చూడండి. చాలామంది ఇక్కడే ఆగిపోయి "కేసే లేదు" అనేస్తారు. అప్పీలుకు వెళ్లినది కటక్‌లోని హైకోర్టు జాబితాలో విడిగా ఉంటుంది. అత్యాచారం, పిల్లల మీద నేరాల కాగితాలు బయటికి కనిపించవు. అవి దొరకనంత మాత్రాన వీడియో అబద్ధమని కాదు.

సరిహద్దు అన్నాక ఇంకో మెలిక ఉంది. ఘటన ఏ రాష్ట్రంలో జరిగిందో వీడియోలు తరచూ కలిపేస్తాయి. 2017 జనవరి 21 రాత్రి జగదల్‌పూర్ నుంచి భువనేశ్వర్ వెళ్తున్న హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది కూనేరు దగ్గర. రాయగడకు కూతవేటే గానీ అది ఆంధ్ర. ఎక్కడైనా ఫిర్యాదు తీసుకుని అసలు స్టేషనుకు పంపే జీరో ఎఫ్ఐఆర్ ఉంది కాబట్టి, కాగితం ఒడిశాలో మొదలై ఆంధ్రకు చేరవచ్చు. ఒకవైపు దొరక్కపోతే రెండోవైపు రాష్ట్రం మార్చి వెతకండి.

హారర్‌కు వస్తే, కల్పన అని ముందే చెప్పేవి నిజాయతీ గలవి. "నిజంగా జరిగింది" అని పాడుపడ్డ ఇళ్లలోకి రాత్రి కెమెరాతో వెళ్లేవాటి దగ్గరే జాగ్రత్త. గాలిలో తేలే తెల్లటి గుండ్రాలు, లెన్సుకు దగ్గరగా ఉన్న దుమ్ము మీద లైటు పడి వెనక్కి కొట్టినవి. దెయ్యం జాడ అని చూపించే, కీచుమనే ఈఎమ్‌ఎఫ్ (విద్యుదయస్కాంత క్షేత్రం) మీటరు గోడలోని కరెంటు తీగకీ, జేబులోని మొబైలుకీ కూడా కీచుమంటుంది. స్పిరిట్ బాక్స్ అనేది రేడియో స్టేషన్లను గబగబా తిప్పే పెట్టె. ఆత్మ రెండు భాషల్లో మాట్లాడిందని చూపిస్తే, బరంపురం, జయపురం ఆకాశవాణి కేంద్రాలు రెండూ ఈ చుట్టుపక్కలే ఉన్నాయని గుర్తు చేసుకోండి.

బాధ పెట్టే రకం వేరే ఉంది. 2023 జూన్ 2న బాలేశ్వర్ జిల్లా బహనగా దగ్గర మూడు రైళ్ల ప్రమాదం జరిగాక, శవాలను ముందుగా అక్కడి హైస్కూల్లో ఉంచారు. పిల్లలు మళ్లీ ఆ గదుల్లోకి రావడానికి భయపడ్డారు. వారం తిరిగేసరికి ఆ భవనాన్ని కూల్చడం మొదలుపెట్టారు. దీన్నే "దెయ్యాల బడి" అని అల్లినవాళ్లున్నారు. ప్రమాదానికి కారణం సిగ్నల్ పనుల్లో వైర్లు తప్పుగా కలపడమని రైల్వే భద్రతా కమిషనర్ దర్యాప్తు తేల్చింది. అది చెప్పకుండా కుట్ర అనో, శాపం అనో తిప్పే ఛానల్‌ను మూడు చుక్కలు నొక్కి "డోంట్ రికమెండ్ ఛానల్" చేసేయండి. "నాట్ ఇంట్రెస్టెడ్" నొక్కితే ఆ ఒక్క వీడియోయే పోతుంది, ఛానల్ మళ్లీ వస్తుంది.

చిల్లంగి, చేతబడి, గుణియా వీడియోలు మన ప్రాంతంలో ఉత్త వినోదంగా మిగలవు. ఫలానా వాడలో ఫలానా ముసలమ్మ డాహాణి (మంత్రగత్తె) అని చెప్పే క్లిప్పు ఏ గ్రూపులో వచ్చినా పంపకండి. ఒకరిని అలా ముద్ర వేసి వేధించడం ఒడిశాలో 2013 చట్టం ప్రకారం నేరం. అలాగే అత్యాచార బాధితురాలి పేరు, ఫొటో, ఇల్లు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. యూట్యూబరు చూపించాడు కదా అని మీరు ముందుకు పంపితే మీ మీదికీ వస్తుంది.

ఇంట్లో ఫోను ఒకటే అయితే, క్రైమ్ చూసే ముందు సెట్టింగ్స్‌లో వాచ్ హిస్టరీని పాజ్ చేయండి. లేకపోతే మర్నాడు పిల్లాడు తెరిచేసరికి తెర నిండా రక్తమే. ఆటోప్లే ఆపండి. హారర్‌లో మాట సన్నగా, అరుపు చెవులు పగిలేలా ఉంటుంది. గేరులో "స్టేబుల్ వాల్యూమ్" ఉంటే వేసుకుంటే ఆ తేడా తగ్గుతుంది. రాత్రి చూసేవాళ్లకు బెడ్‌టైమ్ రిమైండర్ కూడా ఉంది, అది యాప్ సెట్టింగ్స్‌లో.

కోరాపుట్ ఘాటీలోనో, రాయగడ రైల్లోనో చూద్దామనుకుంటే ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లండి. సొరంగాల్లో సిగ్నల్ ఉండదు. ఇవి ఎక్కువగా మాట మీద నడిచే వీడియోలు కాబట్టి 360పీ చాలు. జేసీఎస్‌లా మొహాలు చూడాల్సినవాటికి అంతకంటే పై నాణ్యత దొరికితే అది పెట్టండి. డౌన్‌లోడ్ చేసినవి కూడా యూట్యూబ్ యాప్‌లోనే తెరుచుకుంటాయి, చాలాసేపు నెట్ తగలకపోతే తాళం పడతాయి. అందుకని బయలుదేరే రోజే దించుకుని, విమాన మోడ్‌లో పెట్టి ఒకసారి తెరిచి చూసుకోండి. కావాలనుకున్న క్యాప్షన్ కూడా వస్తోందో లేదో అప్పుడే తెలిసిపోతుంది.