కారు బీమా పునరుద్ధరణకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

నెల్లూరు ట్రంకురోడ్డు రద్దీలో రోజూ కారు నడిపేవారు గడువు ముగియకముందే పాలసీని పునరుద్ధరించుకోవాలి. గడువు దాటి 90 రోజులు గడిస్తే, క్లెయిములు లేని ఏళ్లకు సొంత కారు నష్టానికి కట్టే ప్రీమియంలో 20 నుంచి 50 శాతం వరకు తగ్గింపుగా లభించే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా ఎదుటివారి నష్టానికే వర్తిస్తుంది గనుక, తరచుగా సొట్టలు పడే కారుకు, సొంత కారు నష్టాన్నీ భరించే సమగ్ర పాలసీతోపాటు, మార్చిన విడిభాగాల ఖర్చులో అరుగుదల కోత లేకుండా చేసే జీరో డిప్రిసియేషన్ అనే అదనపు రక్షణ కూడా తీసుకోవడం మేలు.

2021 నవంబరులో పెన్నా వరదను చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు: నీరు చేరిన ఇంజిన్‌ను స్టార్ట్ చేయడం వల్ల అది పాడైతే, సమగ్ర పాలసీ ఒక్కటే ఉన్నప్పుడు ఆ ఖర్చు సాధారణంగా రాదు కాబట్టి, ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు రక్షణ ఉన్నదో లేదో పత్రంలో స్వయంగా చదివి చూసుకోవాలి. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీని (పాలసీలో కారుకు కట్టే బీమా విలువను) తగ్గించుకోవద్దు; కారు చోరీ అయితే పరిహారానికి ఆధారం ఆ మొత్తమే. పాత క్లెయిములను దాచవద్దు.