కరెంటు పోగానే ఇన్వర్టర్ గుర్రుమంటోందా? ట్రాన్స్‌ఫార్మర్‌ను అప్పుడే విప్పకండి

ఇన్వర్టర్ ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కినా, శబ్దం చేసినా, మాస్‌ఫెట్లు (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) పేలినా చాలామంది మొదట చేసే పని దాన్ని విప్పి రివైండింగ్‌కు పంపడం. డబ్బు పెట్టి చుట్టించి బిగిస్తారు, వారం తిరక్కుండా మళ్లీ అదే గోల. ఇక్కడ చెప్పేది 12 వోల్టుల స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల గురించి. వాటిలో బ్యాటరీ ప్లస్ ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్‌కు (తీగచుట్ట, అంటే వైండింగ్, మధ్యలోంచి తీసిన కొసకు) వెళ్తుంది, రెండు చివర్లు రెండు వైపుల మాస్‌ఫెట్లకు. సైన్ వేవ్ ఇన్వర్టర్లలో వైరింగ్ వేరు, జబ్బు మాత్రం ఇదే.

శబ్దం ఎప్పుడు వస్తోంది?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు. కరెంటు ఉన్నప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేదీ, పోయాక 230 వోల్టులు ఇచ్చేదీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్. ఛార్జింగ్‌లో బుద్ధిగా ఉండి, బ్యాకప్‌లోకి రాగానే గుర్రుమంటే ట్రాన్స్‌ఫార్మర్ తప్పేమీ లేదు. దానికి అందుతున్నదే తేడాగా ఉంది.

అప్పటికీ అనుమానం తీరకపోతే 12 వోల్టుల వైపు తీగలన్నీ విప్పేసి, 230 వైపు 100 వాట్ల సిరీస్ బల్బు (వరుసలో కలిపిన ఫిలమెంట్ బల్బు) మీదుగా మెయిన్స్ ఇవ్వండి. బల్బు ఒకసారి మెరిసి ఆరిపోతే వైండింగ్ బాగున్నట్టే. సెంటర్ ట్యాప్ నుంచి రెండు చివర్లకూ ఏసీ రేంజ్‌లో కొలిస్తే రెండు రీడింగులూ సమానంగా రావాలి. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల చుట్లు షార్టయ్యాయి, అప్పుడు రివైండింగ్‌కు పంపండి. మీటర్ బీప్ అంది కాబట్టి వైండింగ్ బాగుందని మాత్రం చెప్పకండి. షార్టయిన చుట్లకూ బీప్ వస్తుంది.

మాస్‌ఫెట్లు కొత్తవి వేసినా ఒకే వైపు పేలుతున్నాయి

అసలు దొంగ ఇక్కడే ఉంటాడు: ట్రాన్స్‌ఫార్మర్‌కు డీసీ అందుతోంది.

అవతలి వైండింగ్‌లో వోల్టేజీ పుట్టాలంటే కోర్‌లోని (వైండింగ్ లోపలి ఇనుప రేకుల దిమ్మలోని) అయస్కాంత ప్రవాహం మారుతూ ఉండాలి. 1831లో ఫారడే ఇనుప రింగుకు రెండు వైండింగులు చుట్టి ఒకదానికి బ్యాటరీ కలిపినప్పుడు, రెండో దానికి తగిలించిన సూది కలిపిన క్షణంలో ఒకసారి, తీసిన క్షణంలో ఒకసారి కదిలింది. మధ్యలో కరెంటు పారుతున్నంతసేపూ ఊరుకుంది. మన ఇన్వర్టర్‌లోనూ అంతే, పైగా ఇంకో ప్రమాదం ఉంది. కోర్ రేకు 2 టెస్లాల దగ్గరికి వచ్చేసరికి నిండిపోతుంది. నిండిన కోర్ మీది వైండింగ్ ఉత్త రాగి తీగే. 12 వోల్టుల వైపు దాని రెసిస్టెన్స్ ఓమ్‌లో నూరో వంతు ఉందనుకుంటే లెక్క ప్రకారం 1200 ఆంపియర్లు రావాలి. అంతదాకా రాదు, ఈలోపే మాస్‌ఫెట్ పేలుతుంది.

అందుకే మాస్‌ఫెట్లు బ్యాటరీ కరెంటును సెకనుకు 50 సార్లు ఇటూ అటూ తిప్పుతాయి. కవ్వం తాడును ఒక చెయ్యి లాగితే రెండో చెయ్యి వెనక్కి లాగాలి. ఒక చేతినే లాగుతూ పోతే తాడు అయిపోయి కవ్వం ఆగుతుంది. ఒక వైపు డ్రైవ్ (మాస్‌ఫెట్‌ను నడిపే సిగ్నల్) పూర్తిగా పోనక్కర్లేదు, కాస్త బలహీనపడినా చాలు. రెండు వైపుల మధ్య ఉన్న తేడా డీసీగా మిగిలి కోర్‌ను ఒకే దిక్కుకు నెట్టేస్తుంది.

తేడా ఎక్కడ పుడుతుంది? ఎక్కువగా గేట్ (మాస్‌ఫెట్‌కు డ్రైవ్ అందే కాలు) రెసిస్టర్‌లో. మాస్‌ఫెట్ పేలినప్పుడు ఆ దెబ్బ గేటు గుండా వెనక్కి పోయి రెసిస్టర్‌నీ, ఒక్కోసారి డ్రైవర్ ట్రాన్సిస్టర్‌నూ చంపుతుంది. రెసిస్టర్ పైన రంగు పట్టీలు చెక్కు చెదరవు, లోపల ఓపెన్. పేలిన మాస్‌ఫెట్ ఒక్కటే మార్చి స్విచ్ వేస్తారు. కొత్తదాని గేటుకు డ్రైవ్ అందదు, రెండో వైపు ఒక్కటే లాగుతుంది, కోర్ నిండుతుంది. ఈసారి పేలేది ఆరోగ్యంగా ఉన్న వైపు మాస్‌ఫెట్! అందుకే పేలిన వైపు చూసి తప్పు అక్కడే ఉందని తేల్చేయకండి.

చూసే పద్ధతి ఇది. సెంటర్ ట్యాప్ తీగ విప్పి, ఇన్వర్టర్ ఆన్ చేసి, మీటర్ డీసీ రేంజ్‌లో బ్యాటరీ మైనస్ నుంచి రెండు వైపుల గేట్ల దగ్గరా కొలవండి. రెండు రీడింగులూ సమానంగా రావాలి. కొన్ని కంట్రోల్ కార్డులు అవుట్‌పుట్ కనపడక కొద్ది సెకన్లలో ఆగిపోతాయి, ఈలోపే చూసుకోవాలి. గేట్ల దగ్గర తేడా ఉంటే వెనక్కి వెళ్లండి. కార్డు మీద డ్రైవ్ పుట్టించే ఐసీ ఎస్‌జీ3524 గానీ 3525 గానీ ఉంటే దాని 11, 14 పిన్నులు చూడండి. అక్కడ సమానంగా ఉండి గేట్ల దగ్గర లేకపోతే తప్పు మధ్యలో ఉంది: రెసిస్టర్, డ్రైవర్ ట్రాన్సిస్టర్, లేదా డ్రై సోల్డర్ (సరిగా పట్టని సోల్డర్ అతుకు). పిన్నుల దగ్గరే తేడా ఉంటే ఐసీ మార్చండి.

డ్రై సోల్డర్ మహా మాయలాడి. చల్లగా ఉన్నప్పుడు రెండు రీడింగులూ అద్దినట్టు ఉంటాయి, పది నిమిషాలు నడిచి వేడెక్కాక ఒకటి జారిపోతుంది. హాట్ ఎయిర్‌తో ఆ భాగాన్ని వేడి చేస్తూ మీటర్ మీద కన్నేసి ఉంచండి. లేదంటే డ్రైవ్ సెక్షన్ మొత్తం మళ్లీ సోల్డర్ చేసేయండి, టైమ్ కలిసొస్తుంది.

అన్నీ సరిచేశాక కూడా బ్యాటరీని నేరుగా కలపకండి. సెంటర్ ట్యాప్ తీగ మధ్యలో 12 వోల్టుల కారు హెడ్‌లైట్ బల్బు పెట్టండి. కార్డుకు మాత్రం బ్యాటరీ నేరుగా అందాలి, లేకపోతే లో బ్యాటరీ అని కట్ అవుతుంది. డ్రైవ్ సమానంగా ఉంటే బల్బు మసకగా వెలుగుతుంది. నిండుగా వెలిగితే ఇంకా ఒకవైపే లాగుతోందని అర్థం. పేలేది ఏమీ ఉండదు, తీరిగ్గా వెతుక్కోవచ్చు. మాస్‌ఫెట్లు మార్చేటప్పుడు రెండు వైపులా ఒకే నంబరు, ఒకే లాటువి వేయండి. ఒక వైపు మూడు, ఇంకో వైపు రెండే పనిచేస్తున్నా తేడా మొదలవుతుంది.

మిగతావి

బ్యాటరీ తీగలు ట్రాన్స్‌ఫార్మర్‌కు తాకించి చూడటం టెస్టింగ్ కాదు. తీసిన క్షణంలో 230 వైపు గట్టి షాక్ కొడుతుంది. సోలార్ ప్యానెల్ వోల్టేజీ తగ్గించడానికి మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చా అని అడిగేవాళ్లకూ ఇదే జవాబు: డీసీ మీద అది పనిచేయదు, బక్ కన్వర్టర్ (డీసీ వోల్టేజీని తగ్గించే సర్క్యూట్) వాడండి.

ఛార్జింగ్‌లోనూ బ్యాకప్‌లోనూ ఒకేలా సన్నగా జుమ్మంటుంటే రేకులు వదులై ఉంటాయి, బోల్టులు బిగించి వార్నిష్ పోయండి.

అరుదుగా యాంప్లిఫయర్‌లోని టొరాయిడ్ (గుండ్రటి రింగు ఆకారపు) ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నట్టుండి మూలుగుతుంది. ఇంట్లో ఎవరో హెయిర్ డ్రయ్యర్‌ను లో మీద పెట్టి ఉంటారు. చాలా డ్రయ్యర్లు లో మీద డయోడ్‌తో సగం వేవ్‌నే వాడుకుంటాయి కాబట్టి లైన్‌లోకి కొంచెం డీసీ చేరుతుంది. హై మీద పెట్టమనండి, ఆగిపోతుంది.