విమానాల మారుపేర్లు విప్పడం – 4వ పాఠం: మోత మీద పుట్టిన పేర్లు (ముందు పోయిన పాఠం బాకీ)

పోయిన పాఠంలో పొడి అక్షరాల పేర్లు, అంటే మాటల మొదటి అక్షరాలు కలిపి చేసినవి, చూశాం. బి-52కి బఫ్, ఎ-7కి స్లఫ్, సి-5కి ఫ్రెడ్. బఫ్, స్లఫ్ చివరున్న ఎఫ్ అక్షరం పెద్దల ముందు 'ఫెలో', హ్యాంగర్లో (విమానాలు నిలిపే షెడ్డులో) ఇంకోటి అని కూడా చెప్పుకున్నాం. అభ్యాసంలో అడిగింది చిన్నదే: మన వాయుసేన, నౌకాదళం నడిపిన ఐదు విమానాల మారుపేర్లు రాసి, ఎందుకొచ్చాయో చెప్పమని.

వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఇదే వరస. మిగ్-21 ఫిష్‌బెడ్, మిగ్-29 ఫల్‌క్రమ్, సుఖోయ్-30 ఫ్లాంకర్, ఐఎల్-76 క్యాండిడ్, టియు-142 బేర్. ఇంకొందరు బాజ్, వజ్ర, శంషేర్ అని రాశారు. వీటిలో ఒక్కటీ మారుపేరు కాదు. మోత పేర్లు ఈరోజే మొదలుపెడతాం గానీ, ముందు ఈ చిక్కు తీయాలి.

ఫిష్‌బెడ్ ఎవరి మాట?

మిగ్-21 నడిపినవాడి మాట కాదు, దాని కింద దూరి నట్లు బిగించినవాడి మాటా కాదు. సోవియట్ విమానాల అసలు పేర్లు పశ్చిమ దేశాలకు సరిగా తెలియని రోజుల్లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ కలిసి నడిపిన కమిటీ కేటాయించిన గుర్తింపు మాట అది. రేడియోలో గరగరల మధ్య కూడా ఒక మాట ఇంకో మాటలా వినపడకూడదు, కమిటీకి కావలసింది అంతే. అందులో ప్రేమా లేదు, వెటకారమూ లేదు.

ఈ జాబితాకు ఒక కట్టుబాటు ఉంది. అది వస్తే మళ్ళీ తప్పు చేయరు కాబట్టి కాస్త సాగదీసి చెప్తాను. మొదటి అక్షరం పని చెప్తుంది. ఎఫ్ అంటే ఫైటర్, బి అంటే బాంబర్, సి అంటే సరుకు లేదా ప్రయాణికుల విమానం, హెచ్ అంటే హెలికాప్టర్, ఎం అంటే మిగతావన్నీ. మాట ఒక్క పలుకులో (సిలబుల్‌లో) అయిపోతే ప్రొపెల్లర్ విమానం, రెండు పలుకులైతే జెట్. ఫిష్-బెడ్: రెండు పలుకులు, ఎఫ్, కాబట్టి జెట్ ఫైటర్. బ్యాడ్జర్ (టియు-16): జెట్ బాంబర్. క్యాండిడ్: జెట్ సరుకు విమానం. క్లైన్ (మన ఎఎన్-32): ఒక్క పలుకు, ప్రొపెల్లర్ సరుకు విమానం. గోవాలో నౌకాదళం నడిపిన ఐఎల్-38 పేరు మే: ఎం, ఒక్క పలుకు, సముద్రం మీద గస్తీ తిరిగే ప్రొపెల్లర్ విమానం. హెలికాప్టర్లకు మాత్రం పలుకుల లెక్క వర్తించదు. మి-8 హిప్, మి-24 హైండ్, మి-28 హ్యావొక్, మూడింటికీ రోటరే.

తెలుగువాళ్ళు ఇక్కడే బోల్తా పడుతున్నారు. మన నోటికి చివర ఉకారం తగిలించడం అలవాటు. బేర్‌ను 'బేరు', కూట్‌ను (ఐఎల్-18 పేరు) 'కూటు' అని పలికి, రెండు పలుకులు వచ్చాయి కదా అని జెట్ అని రాశారు. ఉకారం తీసేసి లెక్కపెట్టండి. బేర్ ఒక్క పలుకే. నమ్మకం కుదరకపోతే విశాఖ ఆర్కే బీచ్‌లో 2017 చివర్లో తెరిచిన టియు-142 మ్యూజియానికి వెళ్ళి చూడండి. రెక్కల కింద నాలుగు టర్బోప్రాప్ ఇంజన్లు, ఒక్కో ఇంజన్‌కు ఒకదాని వెనక ఒకటి ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు.

ఇక బాజ్ (మిగ్-29), వజ్ర (మిరాజ్ 2000), శంషేర్ (జాగ్వార్), గజరాజ్ (ఐఎల్-76) మన వాయుసేనే పెట్టుకున్న అధికారిక పేర్లు. నామకరణం రోజు బారసాల పేరు ఎవరైనా పెడతారు. మనకు కావలసింది వాడలో పిలిచే పేరు. స్క్వాడ్రన్ పేర్లూ అంతే. వైట్ టైగర్స్ అనేది నౌకాదళపు 300వ స్క్వాడ్రన్ పేరు, అది నడిపిన సీ హ్యారియర్ విమానం పేరు కాదు. దీనిమీద ఇంతకంటే రాయను.

మూడు పేర్లు పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. మిగ్-25 తీసుకోండి, బరేలీ నుంచి మనమూ ఎగరేశాం. కమిటీ పేరు ఫాక్స్‌బ్యాట్. మన అధికారిక పేరు గరుడ. సోవియట్ హ్యాంగర్లో పేరు 'ఎగిరే గాస్ట్రోనోమ్', అంటే ఎగిరే సరుకుల కొట్టు. ఎందుకు? లోపలి పరికరాలు వేడెక్కకుండా నీళ్ళు కలిపిన ఆల్కహాల్ పెద్ద ట్యాంకు నిండా పోసేవారు. ఆ ఆల్కహాల్ అంతా పరికరాలకే చేరేది కాదు. మిగతాది మీరే ఊహించుకోండి. ఒక ట్యాంకు, ఒక ద్రవం, ఒక బలహీనత: మారుపేరు వెనక ఇలాంటిదేదో చేతికి తగలాలి. మిగ్-21కి రష్యన్లు పెట్టిన బలలైకా చూడండి. మూడు మూలల వాద్యం, మూడు మూలల రెక్క. సు-24 వాళ్ళకు చెమొదాన్, అంటే సూట్‌కేసు. పెట్టెలా చదరంగా ఉన్న దాని ఒంటిని పక్కనుంచి చూస్తే వేరే వివరణ అక్కర్లేదు.

"మరి ఫ్లయింగ్ కాఫిన్?" అని అడిగినవాళ్ళూ ఉన్నారు. 1963లో చేరి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్న మిగ్-21ని ఆ పేరుతో పిలిచింది ప్రధానంగా పత్రికలు, టీవీలు. స్క్వాడ్రన్లలో వినపడేవి రకాన్ని బట్టి టైప్ 77, టైప్ 96, బిస్, బైసన్ లాంటివి. పైగా ఆ పేరులో ఈ విమానానికే చెందిన గుర్తు ఏముంది? ఏ విమానానికైనా తగిలించవచ్చు. దీని పక్కన సోవియట్ లగ్-3 పెట్టి చూడండి. దాని ఎల్, జి, జి అనే మూడు అక్షరాలను 'వార్నిష్ వేసిన గ్యారంటీ శవపేటిక' అనే రష్యన్ మాటల మొదటి అక్షరాలుగా విప్పేవారని చెప్తారు. అది చెక్క విమానం. రెసిన్ పట్టించిన చెక్క, పైన నిగనిగలాడే పూత, బరువెక్కువ, ఇంజన్ బలం తక్కువ. అదీ శవపేటికే, కానీ ఈ ఒక్క విమానానికి కొలిచి చేసింది.

నేను వాడే అడ్డదారి ఒకటుంది. పేరు శత్రువును భయపెడితే ప్రచార విభాగాన్ని అనుమానించండి. సొంత విమానాన్నే వెక్కిరిస్తే హ్యాంగర్‌కు వెళ్ళి వెతకండి. పైలట్లు పెట్టినవాటి కంటే మెకానిక్కులు పెట్టినవి నాకు ఎక్కువ నమ్మకం. పైలట్ దిగి వెళ్ళిపోతాడు, మెకానిక్ రాత్రంతా దానితోనే.

మోత పేర్లు

'విస్పరింగ్ డెత్' దగ్గర మొదలుపెడదాం. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా మీద ఎగిరిన బ్రిటిష్ బ్యూఫైటర్‌కు జపాన్ సైనికులు ఈ పేరు పెట్టారని చాలాచోట్ల కనిపిస్తుంది. పై అడ్డదారి పెట్టి చూడండి. శత్రువు భయపడిపోయి, పైగా ఇంగ్లీషులో చక్కగా కుదిరే పేరు పెట్టాడట! బ్రిటిష్ మెస్‌లోనే పుట్టి ఉంటుందన్నది బలమైన అనుమానం. మోత సంగతి మాత్రం నిజం. దాని హెర్క్యులస్ ఇంజన్లకు టకటకమనే మామూలు వాల్వులు ఉండవు, సిలిండర్‌లో జారే స్లీవ్ వాల్వులు. తక్కువ ఎత్తులో ఎదురుగా వస్తుంటే బాగా దగ్గరికి వచ్చేదాకా వినపడేది కాదు. ఆధారం గట్టిది, యజమాని అనుమానాస్పదం. జవాబులో ఈ రెండూ విడివిడిగా రాయాలి.

ఇప్పుడు అసలైనవి. అమెరికా శిక్షణ విమానం టి-37కి ట్వీట్. రెండు చిన్న జె69 ఇంజన్లు చెవిలో సూది గుచ్చినట్టు ఈల వేస్తాయి. 'ఆరువేల పౌండ్ల కుక్క ఈల' అని దాని రెండో పేరు. కిరోసిన్‌ను మోతగా మార్చే యంత్రం అని మూడో జోకు.

అమెరికా నౌకాదళపు ఎస్-3 వైకింగ్‌కు హూవర్, అంటే వాక్యూమ్ క్లీనర్. దాని టిఎఫ్34 ఇంజన్ల ఊళ సరిగ్గా అలాగే ఉంటుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఎ-10లో ఉన్నదీ టిఎఫ్34 కుటుంబపు ఇంజనే. అయినా దాన్నెవరూ హూవర్ అనరు, వార్ట్‌హాగ్ (ఒక రకం అడవిపంది) అంటారు. ముక్కులో 30 మిల్లీమీటర్ల ఏడు గొట్టాల ఫిరంగి ఉంటే ఇంజన్ మోత ఎవరికి గుర్తుంటుంది? పైగా అదే రిపబ్లిక్ కంపెనీ చేసిన పాత ఎఫ్-84 అప్పటికే హాగ్, అంటే పంది. ఇంటిపేరు వారసత్వంగా వచ్చింది. విమానంలో అన్నిటికంటే కొట్టొచ్చినట్టు కనిపించేదో వినిపించేదో ఏదైతే అదే పేరును లాక్కుంటుంది. మోత ఉన్నంత మాత్రాన మోత పేరు రాదు.

సి-17 మన వాయుసేన హిండన్ స్థావరంలోనూ ఉంది. అధికారికంగా గ్లోబ్‌మాస్టర్, సిబ్బందికి మూస్, అంటే ఉత్తర అమెరికా అడవుల్లోని భారీ దుప్పి. ఎగిరేటప్పుడు విన్నవాళ్ళకు ఈ పేరు అర్థం కాదు. నేలమీద ఇంధనం నింపుతున్నప్పుడు పక్కన నిలబడాలి. ఇంధనం ఒత్తిడితో ట్యాంకుల్లోకి వస్తుంటే, అక్కడున్న గాలీ ఆవిరీ బయటికి పోవాలి. ఒత్తిడి వదిలే వెంట్లలోంచి అవి పోయేటప్పుడు ఆడ మూస్ అరిచినట్టు సాగదీసిన మూలుగు వస్తుంది. గొట్టం పట్టుకున్నవాడికి తప్ప తట్టని పేరు. మెకానిక్కుల పేర్లు నమ్మమన్నది ఇందుకే.

మోతలో చివరి మాట ఎక్స్ఎఫ్-84హెచ్‌ది. 1955లో మొదటిసారి ఎగిరింది, పేరు థండర్‌స్క్రీచ్. ప్రొపెల్లర్ వ్యాసం 12 అడుగులు. ఇంజన్ ఐడిల్‌లో (బలం పెట్టకుండా ఊరికే తిరుగుతూ) ఉన్నా ప్రొపెల్లర్ బ్లేడ్ల అంచులు ధ్వని వేగాన్ని దాటేవి. అంటే నేలమీద నిలబడి ఉండగానే ఆగకుండా షాక్ వేవ్‌లు. దగ్గర పనిచేసేవాళ్ళకు వాంతులు, తలనొప్పులు. చేసింది రెండే విమానాలు, రెండూ కలిపి ఎగిరింది 12 సార్లు.

ఒక పక్కదారి: పనికొచ్చే మారుపేరు. అమెరికా విమాన వాహక నౌకల మీద పాత హార్నెట్, సూపర్ హార్నెట్ రెండూ దిగేవి. చూడటానికి దాదాపు ఒకటే, దిగే బరువులో సుమారు 10,000 పౌండ్ల తేడా. డెక్ మీద విమానాన్ని పట్టి ఆపే తీగను బరువును బట్టి సర్దాలి. బిగువు తక్కువైతే విమానం ఆగదు, ఎక్కువైతే హుక్ మీద, విమానం ఒంటి మీద మోయలేని భారం పడుతుంది. రేడియోలో "హార్నెట్", "సూపర్ హార్నెట్" కలిసిపోతే ప్రమాదం. అందుకే సూపర్ హార్నెట్ పైలట్ దిగే ముందు "రైనో" అనే చెప్తాడు. ఎఫ్-4 ఫాంటమ్‌కు ఒకప్పుడున్న మారుపేరు ఇలా ఇంకో విమానానికి విధి నిర్వహణలో భాగమైపోయింది.

అభ్యాసం

ఒకటి. ట్రామాహాక్, స్లోటేషన్, జంగిల్ జెట్, ఆంట్ యూ, వింపీ. ఒక్కోటి ఏ విమానం, పెట్టింది పైలటా మెకానిక్కా జనమా, ఆధారం ఆకారమా మోతా పనితీరా పేరులోని పదాల ఆటా రాయండి. ఆధారం దొరక్కపోతే ఖాళీ వదలండి, కథ అల్లొద్దు.

రెండు. ఇది కష్టం, పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. బి-36 బాంబర్‌కు ఆరు పిస్టన్ ఇంజన్లు, తర్వాత చేర్చిన నాలుగు జెట్‌లు. పైలట్ల నినాదం "ఆరు తిరుగుతున్నాయి, నాలుగు మండుతున్నాయి". సిబ్బంది సవరణ: "రెండు తిరుగుతున్నాయి, రెండు మండుతున్నాయి, రెండు పొగ కక్కుతున్నాయి, రెండు వేళాకోళమాడుతున్నాయి, రెంటి జాడ లేదు". ఆ పిస్టన్ ఇంజన్‌ను కార్న్‌కాబ్ అనేవారు. ఒక్కోదానిలో 28 సిలిండర్లు, సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్గులు. విమానం మొత్తానికి ఎన్ని ప్లగ్గులు? ఈ ఇంజన్లు రెక్క వెనక వైపుకు తిరిగి ఉంటాయి, కాబట్టి కార్బ్యురేటర్ ఇంజన్ వేడికి ముందుండి చల్లగాలి తగులుతుంది. అక్కడ మంచు కడితే మిశ్రమం ఏమవుతుంది, ఎగ్జాస్ట్‌లో ఏం జరుగుతుంది, సవరణలోని ఏ మాట అక్కడినుంచి వచ్చింది? వరసగా రాయండి.

వచ్చే పాఠం హెలికాప్టర్లు, హ్యూయీతో మొదలు. దాని అధికారిక పేరు ఇరోక్వాయ్. 1962కు ముందు దాని హోదా అక్షరాలు ఏ వరసలో ఉండేవో చూసుకుని రండి.