కాలనీ మలుపులోని ఫ్రెంచ్ పేస్ట్రీ దుకాణంలో కొనడం ఎలా

హైదరాబాద్‌లో ‘పేస్ట్రీ’ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది క్రీము పూసి, పైన ఎర్రటి చెర్రీ పెట్టిన కేకు ముక్క. ‘ఎక్లేర్స్’ అంటే చిన్నప్పుడు చిల్లర లేదని కిరాణా కొట్టాయన చేతిలో పెట్టిన చాక్లెట్. ఆ రెండు అర్థాలనూ మనసులో ఉంచుకుని ఫ్రెంచ్ పద్ధతి పేస్ట్రీ దుకాణంలోకి వెళ్ళినవారు తరచుగా ముఖం చిన్నబుచ్చుకుని బయటికి వస్తారు. అక్కడి క్రోసాంట్ (నెలవంక ఆకారంలో పొరలు పొరలుగా ఉండే రొట్టె) మీద క్రీము ఉండదు. అక్కడి ఎక్లేర్ లోపల కస్టర్డ్ నింపి, పైన చాక్లెట్ పూత వేసిన పొడవాటి బోలు పేస్ట్రీ. తీపి చాలలేదని, మాడిందని, మెత్తగా సాగుతోందని, ధర మరీ ఎక్కువని వినిపించే ఫిర్యాదుల్లో కొన్ని నిజంగా దుకాణం తప్పులే. మిగిలినవి మనం వెళ్ళిన వేళ వల్ల, అడగవలసింది అడగకపోవడం వల్ల మనమే తెచ్చుకున్నవి. ఏది ఎవరి తప్పో తెలుసుకుని కొంటే డబ్బు వృథా కాదు, నిజంగా అడగవలసిన చోట గట్టిగా అడగడానికీ వీలుంటుంది.

మొదట తేల్చుకోవలసింది వేళ. మడత కాజా తెలిసినవారికి క్రోసాంట్ తయారీ కొత్త సంగతేమీ కాదు. కాజాకు పిండిని పలచగా ఒత్తి, నెయ్యి పూసి, చుట్టి పొరలు తెచ్చినట్టే, ఇక్కడ ఈస్టు వేసి పులియబెట్టిన మైదా ముద్దలో చల్లటి వెన్న పలకను పెట్టి, ఒత్తి, మూడుగా మడిచి, ఫ్రిజ్‌లో ఉంచి, మళ్ళీ ఒత్తుతారు. ఇలా మూడేసి మడతలు మూడుసార్లు వేస్తే వెన్న పొరలు 27 అవుతాయి. ఓవెన్‌లో పెట్టినప్పుడు వెన్నలోనూ పిండిలోనూ ఉన్న నీరు ఆవిరై ఆ పొరలను పైకి లేపుతుంది. అయితే కాజాను వేయించి పాకంలో ముంచుతారు కనుక అది నాలుగు రోజులు నిలవ ఉంటుంది. క్రోసాంట్‌కు ఆ రక్షణ లేదు. ఉదయం కరకరలాడిన పై పొర లోపలి తేమనూ గాలిలోని తేమనూ పీల్చుకుని సాయంత్రానికి మెత్తబడుతుంది. వానాకాలంలో అయితే ఇంకా ముందే. అందువల్ల రాత్రి ఏడు గంటలకు కొన్న క్రోసాంట్‌ను బట్టి దుకాణాన్ని తూచడం, పొద్దున వేసిన దోశను మధ్యాహ్నం తిని హోటలును తిట్టడం వంటిది. క్రోసాంట్ కోసం అయితే తెరిచిన గంట రెండు గంటల్లోపు వెళ్ళాలి.

పిండి కలపడం, చల్లబరచడం, మడతలు వేయడం, ఆకారం చేశాక చివరిసారి పొంగనివ్వడం అన్నీ కలిపి చూస్తే, ఈ ఉదయం వచ్చిన ట్రే పని నిన్ననే మొదలై ఉంటుంది. కనుక పదకొండు గంటలకు “అయిపోయినయ్ సార్, రేపు పొద్దున రండి” అన్న జవాబు వినపడితే విసుక్కోవలసిన పని లేదు. ఎన్ని చేయాలన్నది నిన్ననే నిర్ణయమైపోయింది. నిజానికి రాత్రి తొమ్మిదింటికి కూడా అన్ని రకాలతోనూ నిండుగా మెరిసే అద్దాల అల్మారాను చూస్తే నాకు అనుమానం. ఆదివారం ఇంటికి బంధువులు వస్తున్నారంటే శుక్రవారమే ఫోన్ చేసి ఎన్ని కావాలో చెప్పి, కొంత బయానా ఇచ్చి ఉంచడం ఉత్తమం.

వేళ తరువాతి సంగతి వేడి. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. మే నెలలో మన నగరపు ఎండ 40 దాటుతుంది. వంటగది చల్లగా లేకపోతే మడతల మధ్య వెన్న కరిగి పిండిలో ఇంకిపోతుంది, పొరలు విడవవు. ఆ చల్లదనానికయ్యే కరెంటు ఖర్చు, మనిషి చేతిపని, వెన్న, బాదం ధరలు అన్నీ ఆ చిన్న ముక్క ధరలో ఉంటాయి. అందుకే ఎగ్ పఫ్ ధరతో క్రోసాంట్ ధరను పోల్చడం నాకు సబబుగా తోచదు. పఫ్‌లోనూ పొరలు ఉంటాయి, కానీ ఆ పిండిలో ఈస్టు ఉండదు, వెన్నకు బదులు చాలాచోట్ల వనస్పతి వాడతారు. ఎండను తట్టుకోవడంలో అదే మేలు. పఫ్ తక్కువదని అనడం లేదు. వేడి వేడి ఎగ్ పఫ్‌కూ, చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్టుకూ ఉన్న చోటు వాటిదే.

వేడి విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఒక మే మధ్యాహ్నం సైనిక్‌పురిలో ఆరు ఎక్లేర్లు కొని, ఆ డబ్బాను సంచిలో నిలువుగా పెట్టి, స్కూటర్ హ్యాండిల్ కిందనున్న కొక్కేనికి తగిలించి దిల్‌సుఖ్‌నగర్‌లోని మా అక్క ఇంటికి బయలుదేరాను. వెళ్ళి మూత తీసేసరికి ఆరూ ఒక మూలకు జారి, ఒకదానిమీద ఒకటి పడి, పైనున్న చాక్లెట్ పూతంతా డబ్బా గోడకు అతుక్కుని ఉంది. “ఇది హల్వారా, ఏమైనా కేకా?” అని మా అక్క నవ్వి, చెంచాతో తీసి గిన్నెల్లో పెట్టింది. ఆ రోజు నేను దుకాణాన్ని తప్పుపట్టాను. ఎంతదూరం తీసుకెళ్తున్నానో వారికి చెప్పలేదన్న సంగతి మాత్రం చాలా రోజుల తరువాత గానీ తట్టలేదు. చెబితే సాధారణంగా గట్టి డబ్బా, మధ్యలో అట్టముక్కలు, చల్లటి జెల్ ప్యాకెట్ ఇస్తారు. డబ్బాను కాళ్ళ దగ్గర బల్లపరుపుగా పెట్టుకోవాలి. కస్టర్డ్, క్రీము ఉన్నవాటిని మామూలు రోజుల్లో రెండు గంటల్లోపు, నడివేసవిలో గంటలోపు ఫ్రిజ్‌లోకి చేర్చాలి. క్రోసాంట్‌కు మాత్రం ఇవేవీ అక్కర్లేదు, కాగితపు సంచి చాలు. వేడిగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ సంచిలో మూట కడితే ఆవిరికి అది ఇంటికి చేరేలోపే తడిసిపోతుంది. అదే కారణంగా, డెలివరీ యాప్‌లో పండ్ల టార్ట్ (కాల్చిన పిండి గిన్నెలో క్రీము, పండ్లు పెట్టినది), ఎక్లేర్ తెప్పించుకోవడం కన్నా కుకీలు, పౌండ్ కేకు వంటివి తెప్పించుకోవడం క్షేమం.

ఇక కౌంటర్ దగ్గర చూడవలసినవి. రంగు చూసి భయపడవద్దు. ముదురు గోధుమరంగు క్రోసాంట్ బాగా కాలినది, మాడినది కాదు. పాలిపోయి పసుపుగా ఉన్నదే లోపల పచ్చిపిండిగా ఉండే ప్రమాదం ఎక్కువ. పక్కనుంచి చూస్తే పొరల అంచులు విడివిడిగా కనిపించాలి. చేతిలోకి తీసుకున్నప్పుడు దాని పరిమాణానికి తేలికగా అనిపించాలి. కోస్తే లోపల తేనెపట్టులాంటి గదులు ఉండాలి. కింద నూనె మరక పెద్దదిగా ఉండి, లోపల బ్రెడ్డులాగా గట్టిగా ఉంటే వెన్న ముందే కరిగి కారిపోయిందని అర్థం. తిన్న తరువాత అంగిలికి మైనంలాంటి పొర అంటుకుని వదలకపోతే అందులో వెన్న కాక మార్జరిన్ (నూనెలతో చేసిన వెన్నలాంటి కొవ్వు) ఉందని అనుమానించవచ్చు. ఇవి రెండూ దుకాణం తప్పులే. కొరికినప్పుడు చొక్కా నిండా రాలే పొట్టు మాత్రం తప్పు కాదు, మంచి లక్షణం. ప్లేటు మీదికి వంగి తింటే సరిపోతుంది.

టార్ట్ అడుగు తడిసి వంగుతుంటే అది నిన్నటిది కావచ్చు. ఎక్లేర్ గుల్ల గుడ్డు నీచు వాసన వేస్తుంటే సరిగా కాలలేదు. మాకరాన్ విషయంలో మాత్రం తాజాదనం సూత్రం తిరగబడుతుంది. బాదం పిండి, గుడ్డు తెల్లసొన, చక్కెరతో చేసిన ఆ బిళ్ళల మధ్య క్రీము పెట్టి ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచితేనే లోపలి భాగం మెత్తబడి రుచి కుదురుతుంది. కనుక “నిన్న చేసినవి” అని నిజం చెప్పిన దుకాణంలో వాటిని నిశ్చింతగా కొనవచ్చు. తీపి తక్కువన్న మాటకు వస్తే, మన మిఠాయిల లెక్కన చూస్తే వీటిలో చాలావరకు చప్పగానే తోస్తాయి. పాలు చక్కెర దండిగా వేసిన చాయ్‌తో తింటే ఆ చప్పదనం ఇంకా పెరుగుతుంది, కాబట్టి మొదటిసారి చక్కెర వేయని కాఫీతో తినిచూడండి.

పేర్లు పలకడం రాదన్న సంకోచంతో తెలిసిన కేకునే కొనేవారిని చాలామందిని చూశాను. వేలితో చూపి “అది ఒకటి ఇవ్వండి” అంటే ఏ దుకాణదారుడూ నొచ్చుకోడు. పైగా క్రోసాంట్ మూలాలు ఫ్రాన్స్‌వి కావు. ఆగస్ట్ జాంగ్ అనే ఆస్ట్రియా దేశస్థుడు 1830ల చివరలో పారిస్‌లో వియన్నా పద్ధతి బేకరీ తెరిచాక, వియన్నా నెలవంక రొట్టె ఫ్రెంచివారి చేతిలో పొరలు పొరలుగా మారింది. ఈ జాతి తినుబండారాలను వారు నేటికీ ‘వియెన్వాజరీ’, అంటే వియన్నా తరహావి, అనే అంటారు.

పలకడం కన్నా అడగడం ముఖ్యం. “పిండి ఇక్కడే కలుపుతారా, గడ్డకట్టించినది తెచ్చి కాలుస్తారా?” అని మర్యాదగా అడగండి. పిండి పిసకడం నుంచి కాల్చడం దాకా అమ్మేచోటే చేసి, ఏ దశలోనూ గడ్డకట్టించకపోతే తప్ప రొట్టెల దుకాణం ‘బులాంజరీ’ అని బోర్డు పెట్టుకోకూడదని ఫ్రాన్స్‌లో 1998 నుంచి చట్టం ఉంది. మన దగ్గర ‘ఫ్రెంచ్’ అన్న మాటకు అలాంటి కట్టుబాటు లేదు. గడ్డకట్టించిన పిండితో చేసినదీ రుచిగానే ఉండవచ్చు. అయితే దానికి చేతిపని ధర ఇవ్వాలా అన్నది మన ఇష్టం.

అన్నిటికన్నా జాగ్రత్తగా అడగవలసింది గుడ్డు సంగతి. మా పిన్ని గుడ్డు తినదు. ఒకసారి ఆమెను వెంటబెట్టుకుని ఒక దుకాణానికి వెళ్ళి, క్రోసాంట్ చూపి “ఇది ఎగ్‌లెస్సేనా?” అని అడిగితే, కౌంటర్ దగ్గరి అబ్బాయి క్షణం ఆలోచించకుండా “అవును మేడమ్, పిండిల గుడ్డు ఉండదు” అన్నాడు. పిన్ని చేతికి తీసుకుంది. దాని పైభాగం వార్నిష్ వేసినట్టు మెరుస్తోంది. నాకు ఎందుకో అనుమానం వచ్చి, “బాబూ, పైన పూతకు ఏం రాస్తారు?” అని మళ్ళీ అడిగాను. అతను లోపలికి వెళ్ళి కనుక్కుని వచ్చి, తల గోక్కుంటూ “పైన గుడ్డు సొన రాస్తరంట మేడమ్” అన్నాడు. పిన్ని మారు మాట్లాడకుండా దాన్ని ప్లేటులో పెట్టి నా వైపు జరిపింది. అబ్బాయి అబద్ధమాడలేదు, పిండిలో గుడ్డు నిజంగానే లేదు. అప్పటి నుంచి నేను ప్రశ్న మార్చాను: “పిండిలో, పైపూతలో, లోపలి క్రీములో ఎక్కడైనా గుడ్డు ఉందా? దయచేసి లోపల కనుక్కుని చెప్పండి.” ఎక్లేర్, మాకరాన్, కస్టర్డ్ టార్ట్ సంప్రదాయ పద్ధతిలో గుడ్డు లేకుండా కావు. ముద్దలా వణికే మూస్ కేకుల్లో జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉండవచ్చు. కొన్ని చోట్ల దానికి బదులు సముద్రపు నాచు నుంచి వచ్చే అగర్ వాడతారు. కానెలే అనే చిన్న కేకుల వంటి వాటిలో రమ్ము వేస్తారు. ప్యాక్ చేసిన వాటి మీద ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం. మన నిబంధనల్లో గుడ్డు కూడా రెండో దాని కిందకే వస్తుంది. విడిగా ట్రేలో ఉన్నవాటి మీద గుర్తు ఉండకపోవచ్చు కనుక అక్కడ మాటే ఆధారం.

బిల్లు తీసుకోండి. దాని మీద 14 అంకెల ఆహార లైసెన్స్ సంఖ్య ఉండాలి. కూర్చుని తిన్నప్పుడు సర్వీస్ ఛార్జి దానంతట అదే కలిపి ఉంటే తీసివేయమని అడగవచ్చు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే దానిపై మార్గదర్శకాలు ఇచ్చింది. కొన్నది బాగాలేకపోతే సగం తిని వదిలేసి, ఇంటికి వెళ్ళి ఒక్క నక్షత్రం ఇవ్వడం కన్నా, మొదటి ముక్కకే ఆపి, కోసిన భాగం చూపించి, జనం పలచబడ్డాక యజమానితో మాట్లాడటం ఎక్కువ ఫలితమిస్తుంది. “బాగాలేదు” అంటే వారికి ఏమీ తెలియదు. “మధ్యలో పచ్చిగా ఉంది, చూడండి” అంటే ఏ ట్రేలో పొరపాటు జరిగిందో వారికే అర్థమవుతుంది. చిన్న దుకాణాల్లో చేసినవారే అమ్ముతుంటారు కనుక ఆ మాట నేరుగా ఓవెన్ దాకా చేరుతుంది. బూజు, పురుగు వంటివి కనిపించి కూడా పట్టించుకోకపోతే 1915 అనే జాతీయ వినియోగదారుల నంబరు ఉండనే ఉంది. నలుగురికీ రాయదలిస్తే ఏ రోజు, ఏ వేళ, ఏది కొన్నారో, అక్కడే తిన్నారో ఇంటికి తెచ్చుకున్నారో రాయండి. చదివేవారికి నక్షత్రాల కన్నా అదే పనికొస్తుంది.

ఇంటికి తెచ్చిన క్రోసాంట్‌ను ఫ్రిజ్‌లో పెట్టవద్దు. అక్కడి చలికి పిండిపదార్థం త్వరగా గట్టిపడి రొట్టె పాతబడుతుంది. మర్నాడు తినాలంటే 160 డిగ్రీల ఓవెన్‌లో నాలుగైదు నిమిషాలు వేడి చేసి, రెండు నిమిషాలు ఆరనిస్తే కరకరలాడుతుంది. ఓవెన్ లేకపోతే మందపాటి పెనం మీద మూత పెట్టకుండా సన్నని సెగన వేడి చేయవచ్చు. మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరులా సాగుతుంది, కనుక దుకాణంలో “వేడి చేయమంటారా?” అన్నప్పుడే దేనిలో అని అడగండి. రెండో రోజు కూడా మిగిలిపోయినవి ఉంటే వాటిని అడ్డంగా కోసి, పలచటి చక్కెర పాకం చిలకరించి, బాదం పొడి, వెన్న, చక్కెర, గుడ్డు కలిపిన ముద్దను లోపలా పైనా పూసి, బాదం పలుకులు చల్లి, 170 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు కాల్చండి. ఫ్రెంచి దుకాణాల్లో బాదం క్రోసాంట్ పుట్టింది ఇలా మిగిలిపోయిన వాటితోనే. పాకం మరీ ఎక్కువైతే అడుగు తడిసిపోతుంది, ఒక్కోదానికి రెండు చెంచాలు చాలు.